గిడుగు సవర బడి నుంచి మన ఇంగ్లీషు పీరియడు వరకు

సవర మాటలకు 1938లో మద్రాసులో అచ్చయిన నిఘంటువు ఒకటి ఉంది. రాసినవాడు గిడుగు వెంకట రామమూర్తి పంతులు. అందులో మన అమ్మలు, అవ్వలు రోజూ పలికే మాటలు వరసగా ఉన్నాయి. పక్కన అర్థాలు ఇంగ్లీషులో ఉన్నాయి. టీచర్ ట్రైనింగ్ చదివే రోజుల్లో ఆ పుస్తకం జెరాక్సు కాగితాలు కొన్ని నా చేతికి వచ్చాయి. మాట నాకు తెలుసు, దాని అర్థమూ తెలుసు. ఆ అర్థాన్ని పుస్తకంలో ఎలా రాశారో మాత్రం చదవలేకపోయాను. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఒకటి అడిగి తెచ్చుకొని, ఒక్కొక్క మాట వెతుక్కుంటూ, మా ఇంటి భాషను పరాయివాడిలా చదివాను.

ఇంగ్లీషు ఎందుకు నేర్చుకోవాలి అని పిల్లలను అడిగితే ఉద్యోగం కోసం అంటారు. అది నిజమే. కానీ మన విషయంలో ఇంకో కారణం కూడా ఉంది. మన గురించి నూట యాభై ఏళ్ళుగా రాసినదంతా ఎక్కువ భాగం ఇంగ్లీషులోనే ఉంది. మన భూమి చట్టాలు, అడవి చట్టాలు, వాటి మీద వచ్చిన తీర్పులు ఇంగ్లీషులో ఉన్నాయి. చదవలేనంత కాలం వాటిలో ఏముందో ఎవరో చెబితే వినాలి. అందుకని ఇంగ్లీషు మాట్లాడటం, చదవటం ఎలా నేర్పాలన్న ప్రశ్న మనకు చిన్నది కాదు. ఈ ప్రశ్నకు సంబంధించిన చరిత్ర మన శ్రీకాకుళం, విజయనగరం నేలమీదే జరిగింది. దాన్ని యువకులకు, తోటి ఉపాధ్యాయులకు చెప్పాలని ఈ వ్యాసం.

పర్లాకిమిడి బడిపంతులు

గిడుగు 1863 ఆగస్టు 29న వంశధార ఒడ్డున ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టాడు. తండ్రి పోయాక విజయనగరం చేరి మహారాజా వారి బడిలో చదివాడు. అక్కడ గురజాడ అప్పారావు అతనికి తోటి విద్యార్థి. 1857లో చిన్న బడిగా మొదలైన ఆ సంస్థ 1879 నాటికి కాలేజీ అయింది. ఉత్తరాంధ్రలో ఇంగ్లీషు చదువు వేళ్ళూనిన చోట్లలో అదొకటి. 1880లో గిడుగు పర్లాకిమిడి రాజా వారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరాడు.

పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండలన్నీ సవర కొండలు. కొండ దిగి సంతకు వచ్చే సవరలు తమలో తాము మాట్లాడుకునే భాష పల్లపు జనానికి అర్థం కాదు. అంతకు ముందు కూడా సవరల గురించి దొరలు రాశారు. ఫాసెట్ అనే పోలీసు అధికారి 1888లో ఒక పెద్ద వ్యాసం అచ్చు వేశాడు. కానీ భాష నేర్చుకొని, ఆ భాషలో పిల్లలకు చదువు చెప్పాలనుకున్నవాడు గిడుగు. సవర తెలిసినవాళ్ళను ఇంట్లో ఉంచుకొని భాష నేర్చుకున్నాడు. కొండల్లో తిరిగాడు. మలేరియా పట్టింది. దానికి మింగిన క్వినైను వల్ల చెవుడు వచ్చిందని ఆయన జీవితం రాసినవారు చెబుతారు. మాటలు వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి చెవులు పోవడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. అయినా ఆ పని మానలేదు.

ఆయన సవరలో పాఠాలు, కథలు, పాటల పుస్తకాలు తయారు చేశాడు. సొంత డబ్బుతో సవర పిల్లలకు బళ్ళు పెట్టాడు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమని అన్నాడని చెబుతారు. థర్‌స్టన్ దొర 1909లో అచ్చు వేసిన దక్షిణ భారత కులాలు, తెగల పుస్తకంలో సవరల గురించి ఉన్న సంగతుల్లో కొన్ని గిడుగు ఇచ్చినవే. తర్వాత 1931లో సవర భాషకు వ్యాకరణం, 1933లో ఇంగ్లీషు-సవర నిఘంటువు, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి.

ఆ పుస్తకాల్లో సవర మాటలు ఏ లిపిలో ఉన్నాయో గమనించాలి. అంతర్జాతీయ ధ్వని లిపిలో ఉన్నాయి. ఆ లిపి కథ మనలాంటి బడిపంతుళ్ళ కథే. 1886లో పారిస్‌లో పాల్ పాసీ అనే ఫ్రెంచి ఉపాధ్యాయుడు, ఇంకొందరు భాషలు చెప్పే పంతుళ్ళు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి పిల్లలు తప్పు పలుకుతున్నారు, పలికేదాన్ని పలికినట్టు రాసే గుర్తులు కావాలి అన్నది వాళ్ళ బాధ. అలా పరాయి పిల్లలకు ఇంగ్లీషు పలుకు నేర్పడానికి చేసిన పనిముట్టు కొన్నేళ్ళకు మన సవర పలుకును కాగితం మీద పెట్టడానికి పనికొచ్చింది. చెవికి విన్నది ముందు, రాత తర్వాత అన్న ఆలోచన ఆ పనిముట్టుతో పాటే వచ్చింది.

యేట్సు అడిగిన ప్రశ్న

1907 ప్రాంతంలో జె.ఎ. యేట్సు అనే ఇంగ్లీషువాడు మన జిల్లాలకు బడుల తనిఖీ అధికారిగా వచ్చాడు. తెలుగు నేర్చుకున్నాడు. బడి పుస్తకంలో ఉన్న తెలుగుకూ ఊళ్ళో జనం మాట్లాడే తెలుగుకూ ఇంత తేడా ఎందుకుందని అడిగాడు. పుస్తకం తెలుగు నేర్చుకుంటే ఊళ్ళో ఎవరితోనూ మాట్లాడలేకపోతున్నాడు. విశాఖపట్నంలో ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలుగా ఉన్న పి.టి. శ్రీనివాస అయ్యంగారి ముందు ఈ ప్రశ్న పెట్టాడు. అయ్యంగారు గురజాడతో, గిడుగుతో మాట్లాడాడు. తెలుగు దేశమంతా ముప్ఫై ఏళ్ళు సాగిన వ్యావహారిక భాషా ఉద్యమానికి అది ఒక మొదలు.

ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. ఉపన్యాసాల్లో గిడుగు తెలుగుకు చేసిన మేలు చెబుతాం. కానీ సవర పిల్లలతో ఆయన చేసిన పని ఒకటి రెండు వాక్యాల్లో ముగుస్తుంది. నా దృష్టిలో ఈ రెండు పనులూ ఒకటే. పిల్లవాడు నోటితో పలికే భాషను బడి గుర్తించకపోతే వాడికి చదువు రాదు. ఇది సవరకు వర్తించింది, తెలుగుకు వర్తించింది. ఇంగ్లీషుకూ వర్తిస్తుంది. ఆ రోజుల్లో యూరపులో హెన్రీ స్వీట్, ఒటో యెస్పర్సన్ వంటి వారు పరాయి భాషను వ్యాకరణ సూత్రాలతో, అనువాదాలతో మొదలుపెట్టవద్దని, మాటతో మొదలుపెట్టమని రాస్తున్నారు. గిడుగు ఆ పుస్తకాలు చదివినవాడు.

బడిలో ఇంగ్లీషు ఎలా ఉండేదో తెలియాలంటే గురజాడ కన్యాశుల్కం చూడాలి. 1892లో విజయనగరంలో ఆడిన నాటకం అది. 1897లో అచ్చయింది, 1909లో మార్చి రాశాడు. గిరీశం, వెంకటేశం అర్థం పర్థం లేని నాలుగు ఇంగ్లీషు ముక్కలు ఒకరికొకరు అప్పజెప్పుకుంటే, కొడుకు ఇంగ్లీషు మాట్లాడుతున్నాడని తల్లి మురిసిపోతుంది. మనం నవ్వుకుంటాం. కానీ వార్షికోత్సవం రోజు మన బళ్ళో ఒక పిల్ల అర్థం తెలియని ఇంగ్లీషు ప్రసంగం గుక్క తిప్పుకోకుండా అప్పజెబితే, చప్పట్లు కొట్టేవాళ్ళలో మనమూ ఉంటాం.

చెవి ముందా, కన్ను ముందా

ఇంగ్లీషును రెండో భాషగా నేర్పేవాళ్ళ మధ్య నూరేళ్ళ కిందట ఒక పెద్ద వాదం నడిచింది. హెరాల్డ్ పామర్ అనే ఆయన 1921లో నోటి పద్ధతి మీద పుస్తకం రాశాడు. ముందు వినాలి, చాలాసార్లు వినాలి, తర్వాత పలకాలి, ఆ తర్వాతే చదవాలి అన్నాడు. మైకేల్ వెస్ట్ అనే ఇంకొకాయన మన దేశంలోనే, అప్పటి బెంగాల్‌లోని ఢాకాలో పనిచేశాడు. 1926లో ఆయన పుస్తకం వచ్చింది. ఆయన మాట వేరు. బెంగాల్ పిల్లల్లో ఎక్కువమంది రెండు మూడేళ్ళు చదివి బడి మానేస్తున్నారు. అరకొరగా మాట్లాడటం నేర్పితే మానేశాక అది మిగలదు. అదే తేలిక మాటలతో రాసిన పుస్తకం చదవడం నేర్పితే, మధ్యలో మానేసినా చేతిలో కొంత మిగులుతుంది. అందుకని చదవడమే ముందు అన్నాడు. ఏ మాటలు ఎక్కువగా వాడతారో లెక్కకట్టి, ఆ మాటలతోనే కథల పుస్తకాలు రాయించాడు. 1953లో ఆయన పేరుతో వచ్చిన మాటల పట్టికలో సుమారు 2000 మాటలున్నాయి. అవి గట్టిగా వస్తే మామూలు ఇంగ్లీషు పుస్తకంలో చాలా భాగం అందుతుంది.

వెస్ట్ చెప్పిన బడి మానేసే పిల్లలు మనకు బాగా తెలుసు. జీడిపిక్కల కాలంలో, చింతపండు కాలంలో, వలస వెళ్ళే కాలంలో మన తరగతి సగం ఖాళీ అవుతుంది. కాబట్టి ఆయన మాటను కొట్టిపారేయలేం. కానీ పామర్ మాటా నిజమే. చెవికి ఎప్పుడూ తగలని భాషను కంటితో చదవమంటే పిల్లవాడు అక్షరాలు గుర్తుపట్టి పైకి చదువుతాడు, అర్థం ఉండదు. మన బళ్ళలో ఎక్కువగా జరుగుతున్నది ఇదే. అచ్చు చదువుతారు, గైడులో జవాబు బట్టీ పడతారు, ఇంగ్లీషు మాటలను తెలుగు అక్షరాల్లో రాసుకొని అప్పజెబుతారు. పదో తరగతి గట్టెక్కుతారు. ఇంటర్‌లో మొదటి వారంలోనే మునిగిపోతారు.

స్వాతంత్ర్యం వచ్చాక ఇంగ్లీషు బోధనను మెరుగుపరచడానికి 1958లో హైదరాబాదులో కేంద్ర ఇంగ్లీషు సంస్థ పెట్టారు. అదే ఇప్పటి ఇఫ్లూ విశ్వవిద్యాలయం. 1979 నుంచి 1984 వరకు బెంగుళూరు ప్రాజెక్టు పేరుతో ఎన్.ఎస్. ప్రభు బృందం దక్షిణాది మామూలు బళ్ళలో ఇంకో పద్ధతి పరీక్షించింది. వ్యాకరణం చెప్పకుండా, పిల్లలకు ఒక పని ఇచ్చారు. రైలు టైం టేబుల్ చూసి ఏ బండి ఎక్కాలో చెప్పండి, పటం చూసి దారి చెప్పండి అన్నట్టు. పని మీద మనసు పెట్టిన పిల్లవాడికి ఇంగ్లీషు దానంతటది పట్టుబడుతుందన్నది వాళ్ళ నమ్మకం.

ఈ సంగతి మన పెద్దలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సీతంపేట సంతకు కొండచీపుర్లు, పనసకాయలు, అనాస మోసుకెళ్ళిన మన తాతలు, అవ్వలు ఏ బళ్ళోనూ తెలుగు చదవలేదు. షావుకారుతో బేరం ఆడాలి, తూకంలో మోసం పట్టుకోవాలి, బస్సెక్కాలి. ఆ అవసరమే తెలుగు నేర్పింది. అటు వైపు వెళ్ళేవాళ్ళకు ఒరియా కూడా వచ్చింది. అక్షరం రాని మనిషి మూడు భాషలు మాట్లాడతాడు. ఆయన మనవడు పదేళ్ళు ఇంగ్లీషు చదివి ఒక్క ముక్క మాట్లాడలేడు. మనవడు తెలివితక్కువవాడు కాడు. తెలుగుకు సంత ఉంది. మన కొండల్లో ఇంగ్లీషుకు సంత లేదు. బడే ఆ సంత కావాలి.

మన పిల్లల నోట్లో ఏముంది

సవర భాష తెలుగు చుట్టం కాదు. తెలుగు, కువి ద్రావిడ భాషలు. సవర ముండా భాష. సంతాలీ, ముండారి వంటివి దాని చుట్టాలు. ఇంటి దగ్గర సవర మాట్లాడే పిల్లలకు ఇంగ్లీషు మూడో భాష. ఇది భారం అని చాలామంది అంటారు. కొన్ని చోట్ల అది భారం కాదు, బలం. ఒకటి రెండు ఉదాహరణలు చెబుతాను.

తెలుగు మాటలు సాధారణంగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే తెలుగువాడి నోట్లో ఇంగ్లీషు మాట కూడా బుక్కు, పెన్ను, బస్సు అవుతుంది. సవరలో హల్లుతో ఆగిపోయే మాటలు బోలెడు. తల బోబ్, చెవి లూడ్. ఊరూరికీ పలుకు కొంచెం మారవచ్చు గాని, చివర అలా ఆగడం మాత్రం మనకు అలవాటే. కాబట్టి సవర పిల్లకు బుక్, పెన్, బస్ అనడం కష్టం కాదు. మనమే తెలుగు మీదుగా బుక్కు అని నేర్పి, హైస్కూల్లో ఆ ఉకారం తీసెయ్యమని తిడతాం.

లెక్కల్లో ఇంకో సంగతి ఉంది. ఇంగ్లీషులో పన్నెండు దాకా వేరు వేరు మాటలు. పదమూడు నుంచి టీన్ అనే తోక వస్తుంది. లెవెన్, ట్వెల్వ్ దగ్గర పిల్లలు తడబడతారు, టెన్‌లో నుంచి అవి ఎలా వచ్చాయో కనబడదు కనుక. మన పాత సవర లెక్కలో కూడా పన్నెండు ఒక మజిలీ. పన్నెండు మిగెల్. పదమూడు అంటే పన్నెండు మీద ఒకటి. అక్కడి నుంచి ఇరవై దాకా పన్నెండు మీదే లెక్క. ఆ పైన ఇరవైల లెక్క. డజను ఏమిటో సవర అవ్వకు వివరించనక్కర్లేదు. ఈ లెక్క తెలిసిన పిల్లకు ట్వెల్వ్ దగ్గర ఎందుకు ఆగాలో చెప్పడం తేలిక. కానీ ఈ లెక్క ఇప్పుడు ఎన్ని ఇళ్ళల్లో వినబడుతోంది? పిల్లలు తెలుగు అంకెలే చెబుతున్నారు. ఇంగ్లీషుకు ఉపయోగపడే మెట్టును మనమే పోగొట్టుకుంటున్నాం.

కష్టమైన చోట్లు కూడా ఉన్నాయి. సవరలో అతను, ఆమె అన్న తేడా లేదు. ఎవరికైనా అనిన్ అంటాం. అందుకే మన పిల్లవాడు వాళ్ళ అమ్మ గురించి చెబుతూ హి అంటాడు, నాన్న గురించి షి అంటాడు. తరగతి నవ్వుతుంది. వాడు నోరు మూసుకుంటాడు. మళ్ళీ తెరవడు. ఈ పొరపాటుకు కారణం వాడి భాషలో ఉందని తెలిసిన ఉపాధ్యాయుడు నవ్వనివ్వడు. నాలుగు బొమ్మలు గోడకు పెట్టి, హి, షి అంటూ పది రోజులు ఆడిస్తాడు. అలాగే సవరలో క్రియ లోపలే నామం కలిసిపోయి ఒక పెద్ద మాట అవుతుంది. ఇంగ్లీషులో విడివిడిగా ఉంటాయి, పైగా క్రియ మధ్యలో వస్తుంది. ఇది తెలిస్తే పిల్లవాడి తప్పు ఎక్కడ పుట్టిందో కనబడుతుంది.

కువి మాట్లాడే పిల్లలకు, ఇంట్లో తెలుగే మాట్లాడే జాతాపు పిల్లలకు లెక్క వేరు. వాళ్ళకు కావలసిన మెట్లు వేరు. అందరికీ ఒకే గైడు సరిపోదు.

రెండు పేజీల పుస్తకం

రాజ్యాంగం 350-ఎ అధికరణం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతులు కల్పించాలంటుంది. 2009 విద్యా హక్కు చట్టం కూడా వీలైనంత వరకు మాతృభాషలోనే బోధించాలంటుంది. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియా, కోయ, గోండి, కొలామి, బంజారా అనే 8 భాషల్లో బహుభాషా విద్య మొదలైంది. తెలుగు లిపిలో సవర పుస్తకాలు వచ్చాయి. ఇంటి భాషతో మొదలుపెట్టి, మెల్లగా తెలుగు, ఆ తర్వాత ఇంగ్లీషు. గిడుగు నూరేళ్ళ కిందట చెప్పిన వరస ఇదే. ఒడిశా కొండల్లో 1936లో మంగే గమాంగ్ సవరకు సొంత లిపి, సొరంగ్ సొంపెంగ్, తయారు చేశాడు. ఆ ఏడాదే ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి, పర్లాకిమిడి అటు వెళ్ళింది. సవరలు రెండు రాష్ట్రాల్లో పడ్డారు. గిడుగు పర్లాకిమిడి విడిచి రాజమండ్రి చేరాడు. 1940 జనవరి 22న కన్నుమూశాడు.

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 81, 85 నంబరు జీవోలతో ప్రభుత్వ బళ్ళన్నీ ఇంగ్లీషు మీడియం చేయాలంది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు ఆ జీవోలను కొట్టివేసింది. సరిగ్గా వారానికి, ఏప్రిల్ 22న, సుప్రీంకోర్టు ఇంకో జీవోను కొట్టివేసింది. అది 2000 జనవరి నాటి 3వ నంబరు జీవో. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు ఉద్యోగాలు నూరు శాతం స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న జీవో. మొదటి తీర్పు గురించి రాష్ట్రమంతా మాట్లాడింది. పేపర్లలో, టీవీల్లో వారాలపాటు చర్చ. రెండోది కొండల్లోని మన ఇళ్ళను తాకింది. రెండూ లాక్‌డౌన్ రోజుల్లో, బళ్ళు మూసి ఉన్నప్పుడు వచ్చాయి.

ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఏ మీడియంలో చెప్పాలన్నది ఒక ప్రశ్న. ఎవరు చెప్పాలన్నది ఇంకో ప్రశ్న. సవర పిల్ల భాష తెలిసిన టీచరు ఉంటే, ఇంగ్లీషు దాకా దారి వేయగలడు. ఆ భాష తెలియని టీచరు ఎంత మంచివాడైనా, ఆ పిల్ల మౌనాన్ని మొద్దుతనం అనుకునే ప్రమాదం ఉంది. మీడియం మీద వాదించినంత, టీచరు గురించి ఎవరూ వాదించలేదు.

ఆ తీర్పు ప్రతి ఇంగ్లీషులోనే ఉంది. మా మండలం కుర్రాళ్ళు కొందరు ఫోనులో దాన్ని తెరిచి, రెండు పేజీలు చదివి ఆపేశారు. డిగ్రీ చదివినవాళ్ళే. మా భవిష్యత్తు గురించి రాసిన కాగితాన్ని మేమే చదవలేకపోయాం సార్ అని ఒకడు అన్నాడు. నాకు 1938 నిఘంటువు గుర్తొచ్చింది.

2020 తర్వాత బడి పుస్తకాలు కొత్తగా వచ్చాయి. ఒక పక్క తెలుగు, ఎదురు పక్క అదే పాఠం ఇంగ్లీషులో. తెలుగు ఇంటి భాషగా ఉన్న పిల్లలకు ఇది మంచి సాయం. ఇంగ్లీషు తెలియనప్పుడు పక్కకు చూస్తారు. సవర పిల్లకు మాత్రం రెండు పక్కలా పరాయి భాషే. ఆ పిల్లకు మూడో పేజీ కావాలి. అది అచ్చు కాలేదు. అందాకా ఆ మూడో పేజీ టీచరు నోరే.

బళ్ళో చేయగలిగింది

చరిత్ర చెప్పి ఊరుకుంటే సరిపోదు. తోటి టీచర్లకు నేను చేసి చూసినవి కొన్ని చెబుతాను. వీటికి డబ్బు అక్కర్లేదు.

ఒకటి, మొదటి ఏడాది పుస్తకం కన్నా చెవికి ఎక్కువ పని పెట్టాలి. లే, కూర్చో, తలుపు వెయ్యి, నీళ్ళు తే వంటి రోజువారీ పనులు ఇంగ్లీషులో చెప్పి, పిల్లలు చేసి చూపాలి. పలకమని బలవంతం వద్దు. విన్నది అర్థమై చేస్తే చాలు. కొన్నాళ్ళకు వాళ్ళే ఒకరికొకరు చెప్పుకుంటారు.

రెండు, కథ ముందు ఇంటి భాషలో చెప్పాలి. తెలిసిన కథను ఇంగ్లీషులో వింటే పిల్లకు దారి దొరుకుతుంది. తెలియని కథను తెలియని భాషలో చెబితే రెండూ పోతాయి. ఊళ్ళో ఒక అవ్వను పిలిచి సవర కథ చెప్పించండి. దాన్నే పది చిన్న ఇంగ్లీషు వాక్యాలుగా మీరు బోర్డు మీద రాయండి. అదే ఆ వారం పాఠం.

మూడు, రోజూ పది నిమిషాలు టీచరు పైకి చదవాలి, పిల్లలు పుస్తకంలో వేలు పెట్టి కంటితో వెంట రావాలి. ఒక్కొక్కరినీ నిలబెట్టి చదివించి తప్పులు పట్టడం కంటే ఇది మేలు. చెవి, కన్ను కలిసే చోటు ఇదే. పామర్, వెస్ట్ ఇద్దరి మాటా ఇక్కడ నిలబడుతుంది.

నాలుగు, పనికొచ్చే కాగితాలు చదివించాలి. మందు సీసా మీద చీటీ, బస్సు బోర్డు, ఎరువు బస్తా, బ్యాంకు ఫారం, ఫోనులో వచ్చే మెసేజీ. ఇవి మన కొండల్లోకి వచ్చిన ఇంగ్లీషు. హైస్కూలు పిల్లలకు 2006 అటవీ హక్కుల చట్టంలో ఒక చిన్న భాగం తెలుగు, ఇంగ్లీషు రెండింటిలో పక్కపక్కన పెట్టి చదివించవచ్చు. వాళ్ళ నాన్న పోడు పట్టాలో ఏం రాసి ఉందో చదవగలిగిన రోజున ఆ పిల్లకు ఇంగ్లీషు ఎందుకో ఎవరూ చెప్పనక్కర్లేదు.

అయిదు, తప్పు మాట్లాడినవాణ్ణి నవ్వకూడదు. ఇది చిన్న మాటలా కనబడుతుంది. నా అనుభవంలో అన్నిటికంటే పెద్దది ఇదే. నేను చదివిన రోజుల్లో సవర మాట నోరు జారితే బెత్తం పడేది. ఇంగ్లీషు తప్పితే నవ్వు పడేది. రెంటికీ భయపడి పదేళ్ళు నోరు మూసుకు కూర్చున్న తరగతి మాది. ఇప్పుడు బెత్తం పోయింది. నవ్వు ఇంకా ఉంది.

యువకులకు ఒక మాట. పై చదువుకు విశాఖపట్నమో, విజయనగరమో, 2019లో మన దగ్గరే వచ్చిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయమో వెళతారు. అక్కడ ఇంగ్లీషు రాలేదని తల వంచుకోకండి. మీ నోట్లో అప్పటికే రెండు మూడు భాషలున్నాయి. ఇంకొకటి చేరడానికి చోటు ఉంది. రోజుకు ఒక పేజీ పైకి చదవండి, గదిలో స్నేహితుడితో తప్పో ఒప్పో మాట్లాడండి. అలాగే ఊరికి వచ్చినప్పుడు అమ్మతో సవరలోనే, కువిలోనే మాట్లాడండి. సవర భాష మీద స్టారోస్టా అనే అమెరికా పండితుడు 1967లో పెద్ద పరిశోధన చేసి పట్టా పొందాడు. ఎక్కడో పుట్టినవాడు మన వాక్యం ఎలా కట్టుకుంటామో ఇంగ్లీషులో రాశాడు. మన పిల్ల ఒకతె ఆ పని చేయకూడదని ఏముంది? ఆమెకు చెవిలో భాష ఉంది. రాయడానికి ఇంగ్లీషు కావాలి, అంతే.

మా బళ్ళో అయిదో తరగతి పిల్లలతో ఈ ఏడాది ఒక నోటుబుక్కు మొదలుపెట్టాం. పేజీకి మూడు గళ్ళు. మొదటి గడిలో సవర మాట, రెండో గడిలో తెలుగు, మూడో గడిలో ఇంగ్లీషు. మాటలు పిల్లలే ఇంటి నుంచి తెస్తారు. అవ్వను అడిగి తెచ్చిన పాత మాట ఏదైనా ఉంటే దాని పక్కన చుక్క పెడతాం. ఇప్పటికి మూడు వందల పై చిలుకు మాటలు చేరాయి. గిడుగు నిఘంటువుతో పోలిస్తే ఇది చాలా చిన్నది. కానీ ఇందులో మాటలు రాసింది సవర పిల్లలు. వాళ్ళు దీన్ని మూడు భాషల్లోనూ చదవగలరు. మీ బళ్ళో కూడా ఒక నోటుబుక్కు మొదలుపెట్టండి. వచ్చే ఏడాది రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుందాం.